డ్రిల్లులో దీపం

ఫిబ్రవరి 4

అన్నయ్యకి,

వదిన పంపిన పార్సిలు నిన్న అందింది. నా పాత చలికోటు, అమ్మ కుట్టిన దిండు గలీబులు రెండు, పదేళ్ళ కిందట నేను సగంలో వదిలేసిన టైపు నేర్చుకునే పుస్తకం (ఇది ఎందుకు పంపిందో నువ్వే అడుగు), అన్నిటికీ అడుగున తువ్వాలులో చుట్టి నీ బ్యాటరీ డ్రిల్లు. రెండు బ్యాటరీలు, ఛార్జరుతో సహా.

నిజం చెప్పనా, తువ్వాలు విప్పి కాసేపు దాన్ని ముట్టుకోలేదు. సెప్టెంబరులో నువ్వు అల్మరా బిగిస్తూ స్టూలు మీంచి పడి చేతికి దెబ్బ తగిలించుకున్నప్పుడు ఆ చేతిలో ఉన్నది ఇదే కదా. తరవాత బ్యాటరీ పెట్టి నొక్కాను. గిర్రున తిరిగింది. కానీ బిట్టు పట్టుకునే మూతి ఊగుతోంది. లోపల ఇరుసు వంగినట్టుంది. దీంతో తలుపుకి రంధ్రం పెడితే కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది.

అది చూస్తూ ఉంటే ఒక్కసారిగా బుర్రలో వెలిగింది. దీన్ని దీపం చేస్తాను.

నవ్వకు, విను. నా ఉద్యోగమంతా లిఫ్టులు తిరిగే చీకటి గొట్టాల్లో. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మాడుస్తున్నా లోపల నా చెయ్యి నాకు కనపడదు. మందపాటి గ్లవ్స్ వేసుకుని టార్చి బటను నొక్కలేను. తలకి కట్టుకునే లైటు ఎదుటివాడి కళ్ళలోనే కొడుతుంది. టార్చి నోట్లో పెట్టుకుని పనిచేద్దామంటే మాట్లాడటానికి ఉండదు, నేను గంటసేపు మాట్లాడకుండా ఉండటమంటే నీకు తెలుసుగా. అదే డ్రిల్లు అయితే పిడి చేతికి నిండుగా ఉంటుంది. గ్లవ్ వేసుకున్న వేలితో కూడా ట్రిగ్గరు నొక్కచ్చు. బ్యాటరీ బరువు అడుగున ఉంటుంది గనక నిలబెడితే నిలబడుతుంది. మోటారు తీసేసి, ఆ చోట దీపం పెడితే చాలు.

నిన్ను అడగాల్సిన పనిలేదు, ఇచ్చింది ఇచ్చినట్టే. "ఇచ్చిన పనిముట్టు తిరిగి అడిగినవాడి చెయ్యి పనిలో నిలవదు" అని నాన్న మనిద్దరికీ నూరిపోశాడు కదా. మన ఇంట్లో అడగందే అమ్మ పెట్టేది కాదు, అడిగితే నాన్న ఒప్పుకునేవాడు కాదు. అయినా మర్యాదకి చెబుతున్నాను.

ఫోను చేస్తే నువ్వు "ఆ", "ఊ", "సరే" తప్ప నాలుగో మాట మాట్లాడవు. చేతికి వ్యాయామం నేర్పే డాక్టరమ్మ రోజుకో పేజీ రాయమందట, వదిన చెప్పింది. ఆ పేజీలు నాకే రాయి.

దీపం పిచ్చి పట్టిన
నీ చెల్లెలు


ఫిబ్రవరి 11

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. డాక్టరమ్మ పేజీ రాయమంది, రాస్తున్నాను. కలం వేళ్ళలోంచి జారిపోతోంది. ఈ నాలుగు లైన్లకి అరగంట పట్టింది.

మీ వదిన పోయిన నెలాఖరులో అల్మరాలు సర్దింది. సర్దడమంటే ఆవిడ లెక్కలో వస్తువు మళ్ళీ కనపడకుండా చేయడం. డ్రిల్లు ఎక్కడికి పోయిందా అని నేను మూడు రోజులు వెతికాను. నీ దగ్గర ఉందన్నమాట. సరే.

నాన్న మాట నాకూ గుర్తుంది.

తొందరపడి విప్పకు. అది మంచి యంత్రం. మూతి ఊగితే ఊగనీ, ఊగినవన్నీ పారేస్తూ పోతే ఇంట్లో కుర్చీ ఒక్కటి మిగలదు. దాని ట్రిగ్గరు చాలా మెత్తన. మెల్లగా నొక్కితే నత్తలా తిరుగుతుంది. అలాంటి ట్రిగ్గరు ఇప్పటి కొత్తవాటికి రావడం లేదు. ఆ సంగతి మరిచిపోకు. పొడిచోట పెట్టు. తువ్వాలులోనే ఉంచినా నష్టం లేదు.

చెయ్యి నొప్పిగా ఉంది. ఉంటాను.

అన్నయ్య


ఫిబ్రవరి 17

అన్నయ్యా,

నువ్వు ఇంత ఉత్సాహం చూపిస్తావని అనుకోలేదు. "తొందరపడి విప్పకు" అన్నావని బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఒక్కో స్క్రూ వరసగా పెట్టుకుంటూ విప్పాను. ఎనిమిది స్క్రూలు. అందులో ఒకటి పేరు అట్ట కింద దాక్కుంది. అది దొరక్క గంటసేపు కుస్తీ పట్టాను. చివరికి డ్రిల్లు పైపెంకులు రెండూ విడిపోగానే ఒక స్ప్రింగు ఎగిరి మా ముసలి మేస్త్రి టీ గ్లాసులో పడింది. ఆయన దాన్ని చూడకుండా తాగబోతుంటే ఆపాను.

ట్రిగ్గరు గురించి నువ్వు చెప్పింది అక్షరాలా పాటించాను. మోటారు, పళ్ళ చక్రాలు, వంగిన ఇరుసు తీసేశాను, ట్రిగ్గరు మాత్రం కదపలేదు. మోటారుకి పోయే రెండు తీగలు బయటికి లాగి దీపానికి కలిపాను. కారు ముందు లైటు బల్బు ఒకటి మా షెడ్డులో పడి ఉంటే అదే పెట్టాను.

నొక్కాను. ఒక్క క్షణం, అన్నయ్యా, గది మొత్తం పెళ్ళిపందిరిలా తెల్లబడింది. తరవాత టప్పుమంది. బల్బు లోపల నల్లగా మాడిపోయింది. ఇల్లలకగానే పండగ కాదని మేస్త్రి నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఆ ఒక్క క్షణంలో నాకు కావలసింది కనిపించింది. ఇది అయ్యే పనే.

నీ ఉత్తరం సంగతి చెప్పకపోతే పాపం. చదవడానికి ముగ్గురం కూర్చున్నాం. కోడి గీకినట్టు ఏం రాశావయ్యా. "నత్తలా" అన్న చోట మేస్త్రి కళ్ళజోడు సవరించుకుని ఇది వైరింగు బొమ్మ అయి ఉంటుందన్నాడు. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ రాస్తూనే ఉండు, చదువుకుంటాం.

బల్బు ఎందుకు మాడిందో చెప్పు. నువ్వు నాకంటే ఎక్కువ డ్రిల్లులు చూసినవాడివి.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 24

చెల్లాయికి,

మోటారు తీసేశావన్నమాట.

బల్బు ఎందుకు మాడిందని అడిగావు. అది పద్దెనిమిది వోల్టుల బ్యాటరీ. కారు బల్బుది పన్నెండు. లిఫ్టులు బాగుచేసేదానివి, ఈ మాత్రం తట్టలేదా? పాతిక కిలోల సంచి మోసేవాడి నెత్తిన నలభై కిలోలు పెడితే వాడూ టప్పుమంటాడు.

లారీలకి వెనక పెట్టే ఎల్.ఇ.డి. పని లైటు తెచ్చుకో. గుండ్రటిది, వెనక ఒకే బోల్టు ఉండేది. దాని మీద పది నుంచి ముప్పై వోల్టుల దాకా అని ఉంటుంది. అది పద్దెనిమిదికి బెదరదు. ఇంకో మాట. డ్రిల్లులో అయితే బ్యాటరీ నీరసిస్తే చేతికి తెలుస్తుంది, తిరగడం మందగిస్తుంది. ఈ దీపం అలా చెప్పదు, చివరిదాకా ఒకేలా వెలిగి బ్యాటరీని చంపుతుంది. మధ్యమధ్యలో తీసి కొలువు. పదిహేను వోల్టుల కిందికి దిగనివ్వకు.

ముందు భాగంలో మోటారు పోయిన ఖాళీ ఉంటుంది, అక్కడ లైటు దేనికి బిగిస్తావు? టేపు చుట్టి సరిపెడతావని నాకు తెలుసు. అలా చేయకు. చెక్క ఉంగరం ఒకటి కావాలి. టేకు అయితే వేడికి వంగదు. రంధ్రం లోపలి కొలత, పెంకు మందం రాసి పంపు.

మోటారు ఏం చేశావు? పారేశావా?

అన్నయ్య


మార్చి 2

మా బంగారు అన్నయ్యకి,

దీపం సంగతి తరవాత. ముందు నీ అక్షరాలు.

ఉత్తరం విప్పగానే ఇది నీదేనా అని కవరు తిప్పి చూశాను. ముత్యాలు పేర్చినట్టు, ఒక్క గీత వంకర లేదు. పదమూడు రోజుల్లో ఇంత మార్పా? షెడ్డులో అందరికీ చూపించాను. వైరింగు బొమ్మ అన్న మేస్త్రి చేత చెంపలు వేయించాను. ఆ తరవాత పైన మోటారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషంతోనే. ఐదు నెలలుగా నిన్ను "చెయ్యి ఎలా ఉంది" అని అడగలేక నోరు కట్టుకుని ఉన్నాను. ఇక అడగక్కర్లేదు.

ఇప్పుడు దీపం. లారీ లైటు తెచ్చాను. తీగలు కలిపి నొక్కితే వెలగదు. తీగలు మార్చి మార్చి చూశాను, లైటు తీసుకెళ్ళి లారీ బ్యాటరీకే పెట్టి చూశాను, అక్కడ భేషుగ్గా వెలిగింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఊరికే ట్రిగ్గరు వైపు చూస్తుంటే దాని పైన అటూ ఇటూ జరిపే చిన్న పుల్ల కనిపించింది. ముందుకి తిప్పడానికీ వెనక్కి తిప్పడానికీ ఉండేది. నేను ప్రతిసారీ తీగలతో పాటు దాన్నీ తెలియకుండా జరుపుతున్నాను. మార్చిన తీగ మళ్ళీ మొదటికే వచ్చేది. పుల్ల జరిపితే కరెంటు తిరగబడుతుంది, మోటారుకి అది ఎటు నుంచి వచ్చినా ఒకటే, దీపానికి ఒక్కటే దారి. పార్సిలు వచ్చిన రోజు గిర్రున తిరిగిందని రాశాను కదా, ఎటు తిరిగిందో అసలు చూశానా?

పుల్ల ముందుకి జరిపి నొక్కాను. వెలిగింది అన్నయ్యా. సగం నొక్కితే వణుకుతుంది, దానికి సగం పడదు. పూర్తిగా నొక్కితే తెల్లటి వెలుగు స్థిరంగా నిలబడుతుంది. షెడ్డులో అందరూ వరసకట్టి తలోసారి నొక్కారు. మేస్త్రి మూడుసార్లు వచ్చాడు.

ఆ వెంటనే దాన్ని మేం చూసే ఒక పాత భవనంలో లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎనిమిది అంతస్తులు, లోపల పెట్టె మొత్తం చెక్కతో చేసింది. అరవై ఏళ్ళ నాటిది. పలకలు వదులై గడగడలాడుతున్నాయని భవనం మేనేజరు దాన్ని పీకించి రేకు కొట్టిద్దామంటున్నాడు. పెట్టెని సగం అంతస్తు కిందికి దింపి, దాని పైన నిలబడి, గోడకీ పెట్టెకీ మధ్య ఉన్న జానెడు సందులోకి దీపం దించి పక్కవాటుగా నొక్కాను. పలకల వెనకవైపు, ఎవరూ ఎప్పుడూ చూడని చోట, వడ్రంగి పెన్సిలు గుర్తులున్నాయి. ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు, ప్రతి అంకె పక్కన పైకి చూపించే బాణం. పదకొండు దగ్గర కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆయనకీ పొరపాటు జరిగిందన్నమాట. టార్చితో ఎన్నిసార్లు చూశానో, ఎదురుగా కొట్టే వెలుగుకి అవి కనపడలేదు. పక్కనించి పడితే గీత గీతా పైకి లేచింది.

నాకు ఒళ్ళు పులకరించింది. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి "రేకు వద్దు, మా అన్నయ్య వడ్రంగి, ఆయన వస్తాడు, ఆయన చెయ్యి పడితే ఇది ఇంకో అరవై ఏళ్ళు తిరుగుతుంది" అని మాటిచ్చేశాను. ఏప్రిల్ ఐదు దాకా ఆగుతానన్నాడు. నీ ముత్యాల అక్షరాలు నా జేబులో ఉన్నాయి, ఆ ధైర్యం.

మోటారు పారేయలేదు, డబ్బాలో ఉంది. నీకేం పని దాంతో? చెయ్యి వచ్చింది కదా, కొత్తది కొనుక్కో. ఉంగరం కొలతలు వెనక పేజీలో రాశాను.

పట్టలేని సంతోషంతో
నీ చెల్లెలు


మార్చి 9

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. దీపం వెలిగినందుకు సంతోషం. తీగా పుల్లా రెండూ కలిపి మార్చి రెండు రోజులు కూర్చున్నావంటే నువ్వు నా చెల్లెలివేనని నమ్మకం కలిగింది.

ఉంగరం ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. నీ కొలతకి అర మిల్లీమీటరు ఎక్కువ పెట్టించాను, గట్టిగా నొక్కితే దిగుతుంది. జిగురు పెట్టకు. నేనే చేశాను.

పదకొండు కొట్టేసి రాశాడన్నావు. ఆ గుర్తు కింద ఇంకో అంకె ఉందేమో చూడు. పన్నెండు అని రాసి దిద్దాడా, పది అని రాసి దిద్దాడా? పలకలు కుడి నుంచి మొదలుపెట్టాడా ఎడమ నుంచా? బాణం ఉందంటే ఎక్కించేటప్పుడు తలకిందులు కాకుండా పెట్టుకున్నాడు. జాగ్రత్తపరుడు.

ఏప్రిల్‌లో రావడం మాత్రం కుదిరేలా లేదు. ఇక్కడ పని

మీ అన్నయ్య మంచినీళ్ళకని లేచారు. ఇది రాస్తున్నది నేను, మీ వదినని. తొందరగా చెప్పేస్తాను. పోయిన ఉత్తరమూ ఇదీ ఆయన చెబుతుంటే నేను రాసినవే. కోడి గీతలని నువ్వు రాసిన రోజు ఆయన ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు కాగితం నా ముందు పెట్టారు. ఉంగరం కోసింది నేను, నా ఎడమ చూపుడువేలికి కట్టు ఉంది. డ్రిల్లు పంపింది కూడా నేనే. ఆస్పత్రిలో ఉన్నప్పుడు "దాన్ని నా కళ్ళముందు ఉంచకు" అన్నారు, నేను అదే గుర్తు పెట్టుకుని పంపేశాను. రోజూ పొద్దున సామాను గదిలో తలుపేసుకుని గంటసేపు కూర్చునేవారు. లోపలినించి గుర్రుమని సన్నగా చప్పుడు. ఏదో సర్దుకుంటున్నారనుకున్నాను. పార్సిలు వెళ్ళాక కూడా వెళ్ళి కూర్చున్నారు, చప్పుడు లేదు. అప్పుడు అర్థమైంది, ఆ ట్రిగ్గరు నొక్కుతూ చెయ్యి వస్తోందా లేదా అని పరీక్షించుకునేవారని. మీ నాన్నగారి మాట ఒకటి ఉందిగా, నోరు విప్పి అడగరు. నేను చెప్పానని చెప్పకు. వస్తున్నారు.

పని చాలా ఉంది. మేనేజరుని ఇంకో వడ్రంగిని చూసుకోమను. ఇంతసేపు ఏం రాస్తున్నావని అడుగుతున్నాను మీ వదినని

అన్నయ్య


మార్చి 13

అన్నయ్యా,

వదిన చెప్పొద్దంది. చెబుతున్నాను. ఆవిడ మీద కోప్పడితే నా మీద ఒట్టే. ఆవిడ రాయకపోతే నేను ఇంకా ఆ ముత్యాలు జేబులో వేసుకుని ఊరేగుతూ ఉండేదాన్ని.

నీ చివరి వాక్యం కూడా ఆవిడ పొల్లుపోకుండా రాసింది, చూసుకో.

మొదట నీ మీద ఒళ్ళు మండింది. తరవాత నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను, ఈసారి ఒక్కదాన్నే కూర్చుని. "మూడు రోజులు వెతికాను. నీ దగ్గర ఉందన్నమాట. సరే." ఆ "సరే" దగ్గర కాగితం చిరిగి ఉంది, కలం అంత గట్టిగా నొక్కావు. అది నేను చూడలేదు. విప్పకు అంటే మెల్లగా విప్పమన్నావనుకున్నాను. తువ్వాలులో ఉంచమంటే దుమ్ముకనుకున్నాను. నువ్వు అరగంట కష్టపడి రాసిన నాలుగు లైన్లని షెడ్డులో పదిమందికీ నవ్వులాటగా పెట్టాను. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసంటారు. ఆ కాకిని నేనే. నన్ను క్షమించు అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

మోటారు డబ్బాలో ఉంది. పళ్ళ చక్రాలున్నాయి. స్ప్రింగు ఉంది, టీ మరక కడిగాను. ఈ రోజే లైటు తీసేసి అన్నీ ఎక్కడివి అక్కడ పెడతాను. నాన్న మాటకి నువ్వు కట్టుబడు, ఎవరు కాదన్నారు, నువ్వు అడగలేదు, నేనే ఇస్తున్నాను. ఇస్తే తప్పని నాన్న ఎప్పుడూ అనలేదు.

కానీ పోస్టు చేసే ముందు ఒక్క మాట. ఐదు నెలలుగా నేనూ వదినా అడగనిది, నువ్వు చెప్పనిది. ఇప్పుడు అడుగుతున్నాను. చెయ్యి వస్తుందా, రాదా? వస్తుందంటే ఎన్నాళ్ళయినా ఆగుతాను, మేనేజరుని కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను. రాదంటే రాదని రాయి. గుండ్రటి అక్షరాలు నాకు వద్దు. వైరింగు బొమ్మలే కావాలి.

నీ చెల్లెలు


మార్చి 20

చెల్లాయికి,

ఇది నేనే రాస్తున్నాను. చూస్తేనే తెలుస్తుందిగా. నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను.

రాదు.

కప్పు పట్టుకోవడం వస్తుంది. చొక్కా గుండీలు వస్తాయి. కలం ఇంతవరకు వచ్చింది, ఇంకొంచెం వస్తుంది. ఉలి, డ్రిల్లు, రంపం రావు. డాక్టరమ్మ రెండో నెలలోనే చెప్పింది. నెమ్మదిగా, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. నేను తల ఊపి ఇంటికొచ్చి మీ వదినతో "బాగవుతుందంది" అన్నాను. ఆ మర్నాటి నుంచే సామాను గదిలో కూర్చోవడం. నత్తలా, ఒకే తీరుగా తిరిగితే చెయ్యి వచ్చినట్టే అని నాకు నేనే పరీక్ష పెట్టుకున్నాను. ఒక్కరోజు కూడా తిరగలేదు. వేలు ఒక్కసారిగా మొత్తం నొక్కేస్తుంది. అయినా ఆ చప్పుడు వింటుంటే నేను ఇంకా పనిలో ఉన్నట్టు ఉండేది. దాని కోసం కూర్చునేవాడిని.

నువ్వు మోటారు తీసేశావని చదివిన రోజు నిన్ను తిట్టని తిట్టు లేదు. ఆ రాత్రి కూడా తిట్టాను. మర్నాడు తిడుతూ తిడుతూనే ఆ ఖాళీలో ఏం పెడుతుంది ఇది, టేపు చుడుతుందా అనుకున్నాను. అప్పుడు టేకు ముక్క గుర్తొచ్చింది. పడ్డ తరవాత చెక్క గురించి ఆలోచించడం అదే మొదటిసారి. కోపం పూర్తి కాకుండానే మీ వదినని పిలిచి రంపం ఎలా పట్టాలో చెబుతున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి. ఆవిడ చెయ్యి చాలా బాగుంది. నా దగ్గర పనిచేసినవాళ్ళలో ఇద్దరికి తప్ప ఎవరికీ అంత నిదానం లేదు. గీత అంచునే కోస్తుంది, గీతని తినదు. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఆవిడ చేతికి నేను ఒక్కసారి రంపం ఇచ్చి చూడలేదు. వేలు తెగింది నా తొందర వల్ల, పట్టు బిగించకముందే కొయ్యమన్నాను.

డ్రిల్లు తిరిగి బిగించకు. బిగించి ఉంటే మళ్ళీ విప్పు. వంగిన ఇరుసుతో అది గుర్రుమంటే ఎవరికి లాభం.

మేనేజరుకి మీ అన్నయ్య వస్తాడని చెప్పు. చెయ్యి సంగతి కూడా ముందే చెప్పు, దాచకు. పలకలు విప్పి మళ్ళీ ఎక్కించడంలో ముప్పాతిక పని గుర్తులు పెట్టడమే. ఏది ఎక్కడిది, ఏ బెజ్జం పాతది పూడ్చాలి, ఏది కొత్తగా పెట్టాలి, అది కంటి పని. ఆ పెద్దమనిషి పద్నాలుగు అంకెలు వేశాడు, పక్కన నేను నా అంకెలు వేస్తాను. వంకరగా ఉంటాయి, పలక వెనక ఎవరు చూస్తారు. కొత్త డ్రిల్లు మీ వదిన పట్టుకుంటుంది. దీపం నేను పట్టుకుంటాను. దానికి సగం నొక్కడం పడదన్నావు, నా వేలికీ పడదు. ఇద్దరికీ కుదురుతుంది.

పదకొండు కింద ఏ అంకె ఉందో నువ్వు ఇంకా చెప్పలేదు. రాత్రిళ్ళు అదే ఆలోచన. పది అయితే ఒకే అంకె రెండుసార్లు వేశాడు, పన్నెండు అయితే ఒకటి దాటేశాడు. రేపే వెళ్ళి చూడు.

క్షమించమన్నావు. కోడి గీతలే కదా, కోడి గీతలన్నావు.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు మీ వదినకి చదివి వినిపించాను. "రాదు" అన్న చోట కాగితం ఆవిడ తీసుకుని మిగతాది తనే చదువుకుంది. "నాకు మూడో నెలలోనే తెలుసు, మీరు చెబుతారని చూస్తున్నాను" అంది. తరవాత కొంగుతో నా మొహం తుడిచింది, తన మొహం తుడుచుకుంది. లేచి వెళ్ళి నా కొలత టేపు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆ లిఫ్టు పెట్టె లోపల వెడల్పు ఎంతో అడగండి. మీరు దీపం పట్టుకుని నిలబడ్డాక నాకు మోచెయ్యి ఆడించడానికి చోటుండాలి కదా" అంది.

గుమ్మం దగ్గర ఒకసారి, వెనక గోడ దగ్గర ఒకసారి కొలువు. పాత పెట్టెల్లో రెండూ ఒకటే ఉండవు. తిరుగు టపాలో రాయి.

మీ అన్నయ్య